గీతకీ నీళ్ళకీ మధ్య నాలుగు వేళ్ళు

రోహిణి కార్తె

మా ఇంటి గీత తప్పు. ఈ మాట పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. గొలుసుపేటలో నీళ్ళ మీద తేలే ఇళ్ళన్నిటికీ, ఇంతకు మించి మునగకూడదని మట్టం ఆఫీసువాళ్ళు ఎర్రగీతలు కొట్టిన రోజున మేం ఇంట్లో లేం. మా అత్తగారు పోతే ఇంటిల్లిపాదీ పై వరసలో వాళ్ళింటికి వెళ్ళాం. అక్కడ అంతమందికి వండిపెట్టాలి కదా, గిన్నెలూ గుండిగలూ అన్నీ పట్టుకెళ్ళాం. ఖాళీ ఇల్లు పీపాల మీద బెండులా తేలుతుంటే, దాన్ని చూసి వెనక మూల గీత కొట్టి పోయారు. అందరి గీతలూ సామానున్న ఇళ్ళకి కొట్టినవి. మాది ఒక్కటే ఖాళీ ఇంటి గీత. గీత దాటి నీళ్ళు వస్తే మాత్రం నోటీసు అందరితో పాటు నాకూ వస్తుంది. ఎన్నిసార్లు అడిగినా తలూపారే తప్ప మళ్ళీ కొలిచినవాడు లేడు.

ఈ మట్టం పుస్తకం ఇన్నాళ్ళూ మా కోడలు నాగవేణి రాసేది. దానికి ఇప్పుడు ఐదో నెల. వంగి రాస్తే కడుపులో తిప్పుతోందంటోంది. అందుకని నేను రాస్తున్నాను. అక్షరాలు నాకు పెద్దతనంలో వచ్చాయి, వంకరగానే ఉంటాయి. మట్టం మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇవాళ నీళ్ళు గీతని ముట్టుకుంటున్నాయి.

మట్టం ఆఫీసు ఇన్‌స్పెక్టరు కుసుమకుమారి గారు వచ్చారు. పడవ దిగలేదు, గుమ్మం పట్టుకుని మాట్లాడారు.

"పురుడు ఇంట్లోనే పోస్తారా తాతారావు గారూ?"

"ఇంట్లో కాకపోతే ఎక్కడ పోస్తాం?"

"అయితే గీతకీ నీళ్ళకీ మధ్య నాలుగు వేళ్ళు పొడి ఉండాలండి. పుట్టేది తుఫానుల్లో. పసిగుడ్డున్న ఇల్లు ఇంత లోతుగా ఉంటే మేం ఒప్పుకోం. చిత్త కార్తె వచ్చేలోపు ఇల్లు తేలకపోతే మీ అబ్బాయినీ కోడలినీ గట్టు మీద శిబిరానికి పంపించేస్తాం."

శిబిరానికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు. పురుడయ్యాక అక్కడే ఏదో పని చూపిస్తారు, అక్కడే ఉండిపోతారు. మాకున్నది రాంపండు ఒక్కడు. వాడూ వెళ్ళి, కోడలూ వెళ్ళి, పుట్టేది ఎవరో నా కళ్ళతో చూడకుండా పోతే ఈ ఇల్లు ఎంత తేలి ఏం లాభం?

రోహిణి, శనివారం

సామాను తీసెయ్యడం మొదలుపెట్టాం. కొయ్య సామాను మా వరస ఇళ్ళన్నిటి ఉమ్మడి వంటశాలకి పోతుంది, పొయ్యిలోకి. ఇనుము, ఇత్తడి, రాయి మాత్రం నీళ్ళకి అప్పగించాలి. ఉప్పు తిన్న ఇనుము ఇంకెవరికీ పనికిరాదు. అప్పగించడం ఆడవాళ్ళ పని. వెనక వసారాలో నేల చెక్క ఎత్తి, వస్తువుకి పసుపు రాసి, నలుగురూ పట్టుకుని దింపుతారు. మగవాళ్ళం అక్కడ ఉండకూడదు. మొదటినుంచీ గొలుసుపేటలో ఇదే ఆచారం.

పట్టెమంచం వంటశాలకి పంపాను. తిరగలి తియ్యమంటే మా ఆడది బుల్లెమ్మ ఎదురు తిరిగింది.

"తిరగలి ఇచ్చేత్తే కందులు నీ పళ్ళతో ఇసురుతావా?"

"నాకు పళ్ళెక్కడున్నాయే?"

"అదే అంటన్నాను."

అయినా ఇచ్చింది. పక్కింటి రత్తాలూ, ఎదుటి ఇంటి ఆడవాళ్ళూ వచ్చి తిరగల్నీ గంగాళాన్నీ దింపారు. నేను ముందు గుమ్మంలో కూర్చుని తాడు పేనుకున్నాను. పీచు తాడు నా పని. నా తాడు ఉప్పునీళ్ళలో పడితే ఇంకా బిగుస్తుంది తప్ప కుళ్ళదు. ఈ వరసలో నా తాడు లేని ఇల్లు లేదు. అందరికీ ఎప్పుడూ చాలదు. దింపుడయ్యాక బుల్లెమ్మే వచ్చి అడిగింది.

"ఇంకో నాలుగు బారలు ఇయ్యి. బట్టలారేసుకోడానికి."

"మొన్ననే ఇచ్చాను గదే?"

"కోడలి చీరలు ఎక్కువయ్యాయిలే."

మంచానికి ఇల్లు ఒక వేలు తేలింది.

మృగశిర

వానలు పట్టాయి. కుట్టుమిషను పోయింది. గుమ్మానికి ఉన్న పాత ఇత్తడి బోల్టులు, ఇనప్పెట్టె, అప్పట్లో మా పొలం దున్నిన నాగలి కర్రు, అన్నీ పోయాయి. కర్రుని ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలియదు. దున్నడానికి ఇక్కడ ఏముంది? బుల్లెమ్మ దాన్ని చీరకొంగుతో తుడిచి మరీ పట్టుకెళ్ళింది. ఒకటో రెండో నేనే పారేస్తానంటే ఒప్పుకోలేదు.

ఇప్పుడు మాకు రెండు కంచాలు. ముందు రాంపండూ నాగవేణీ తింటారు, తరవాత మేం తింటాం. చాపలు చుట్టి మూల నిలబెడితే ఇంట్లో మరేం లేదు. అలవాటైపోతోంది. ఏదైనా వెతుక్కునే పని లేదు. కానీ ఇల్లు గొంతు మారింది. దగ్గితే రెండుసార్లు వినబడుతోంది. నాగవేణి అంది:

"మావయ్యా, నువ్వు గొణుక్కునే తిట్లు కూడా మాకు వినపడిపోతన్నాయి."

"వినపడాలనే తిడుతున్నాను."

ఇంత తీసినా మట్టం మాత్రం కదల్లేదు. మంచానికి తేలిన ఒక్క వేలే. అంత బరువున్న ఇనప్పెట్టెకి గోరంత కూడా లేవలేదు. ఇది ఎక్కడి లెక్కో మట్టం ఆఫీసువాళ్ళు చెప్పాలి.

ఆరుద్ర

నా రాట్నం ఇచ్చేశాను. తాడు పేనే రాట్నం, మా నాన్న చేతిది. చక్రం వంటశాలకి, ఇరుసూ కొక్కేలూ నీళ్ళకి. ఇకమీదట తొడ మీద పేనుకుంటాను. తొడ కమిలితే కమిలింది.

రాంపండు వద్దన్నాడు. వాడు చేపల పడవ మీద పోతాడు, వాడి సంపాదనే ఇంటికి ఆధారం, నా తాడుది ఏముంది అనుకున్నాను. వాడు మాత్రం ఇరుసు పట్టుకుని కాసేపు వదల్లేదు.

"ఇది కూడానా నాన్నా?"

"ఇది ఎవరిదో గీతకి తెలుసురా? నాన్న చేతిదని నీళ్ళు ఊరుకుంటాయా?"

చక్రానికి అర వేలు తేలింది. వారం తిరిగేసరికి ఆ అర వేలూ మునిగింది. ఇంట్లోకి ఒక్క గరిటె కూడా కొత్తగా రాలేదు. తీసిన కొద్దీ మునిగే ఇల్లు ఎక్కడైనా ఉందా? పీపా కారుతోంది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన పీపాలే అవి.

పుష్యమి

కుసుమకుమారి గారు వచ్చి కర్రతో పీపాలన్నీ కొట్టి చూశారు. అన్నీ గట్టిగా మోగాయి.

"పీపాలు బాగున్నాయండి. మీరే ఏదో దాస్తున్నారు."

"గుబ్బల తాతారావు దాచేవాడా? దిగండి. ఇల్లంతా వెతుక్కోండి."

ఈసారి దిగారు. వెతకడానికి ఏముంది? నాలుగు గోడల మధ్య నిలబడి ఒకసారి చుట్టూ తిరిగి చూశారు. వెనక వసారాలో నాగవేణి కడుపు పట్టుకుని కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టరు గారి ముఖం మారిపోయింది. పడవ ఎక్కుతూ మెల్లగా చెప్పారు, "తేలకపోతే నా చేతిలో ఏం లేదండి తాతారావు గారూ."

బుల్లెమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అవమానం పడ్డది నేను, మూతి ముడుచుకున్నది అది.

ఆశ్లేష

నడుముకి తాడు కట్టుకుని ఇంటి కిందికి దిగాను.

మధ్యాహ్నం, ఆటుకి నీళ్ళు తీసిన వేళ. పీపా కారుతోందని నేనే చూసి చెప్పాలనుకున్నాను. రాంపండు వద్దంటే వాడి చేతికి తాడు కొస ఇచ్చి పట్టుకోమన్నాను. బుల్లెమ్మ అడ్డం పడింది.

"ఈ వయసులో నీకిదేం పిచ్చయ్యా, దిగకు, నామాట ఇను."

నాకు ఊపిరి ఆగిపోతుందని భయపడుతోంది అనుకున్నాను.

కింద ఎండ పడుతోంది. పీపాలు ఒక్కొక్కటీ తడిమాను. బాగున్నాయి. తల తిప్పి చూస్తే, వసారా కింద ఏవో వేలాడుతున్నాయి. నీటి పాములనుకున్నాను. దగ్గరికి పోతే తాళ్ళు. నేను పేనిన పేట నాకు తెలియదా? అన్నీ నా తాళ్ళే. ఒక్కోదాని చివర ఒక్కో మూట, గుల్లలు పట్టి, నాచు పట్టి. మొదటిదాన్ని గోకితే కింద పసుపుపచ్చగా గంగాళం అంచు. దాని పక్కన కుట్టుమిషను. దాని పక్కన మా అమ్మ రోలు, అది మొదటి ఏడాది అప్పగించింది. కర్రు. ఇనప్పెట్టె. రాట్నం ఇరుసు మాత్రం ఇంకా శుభ్రంగా మెరుస్తోంది.

పన్నెండేళ్ళుగా తీసేసిన ఇల్లంతా ఇంటి కిందే వేలాడుతోంది. అలకి అన్నీ కలిసి ఒకేసారి ఊగుతున్నాయి.

పైకి రాగానే రాంపండు అడిగాడు, "పీపా కారుతోందా నాన్నా?" నేను బుల్లెమ్మ వైపు చూశాను. అది తల దించుకోలేదు.

"బట్టలారేసుకోడానికా?" అన్నాను.

"నీళ్ళకి అప్పగించమన్నావు. అప్పగించాను. నీళ్ళల్లోనే ఉన్నాయి గదా."

"వేలాడుతుంటే బరువు పడదటే?"

"నీళ్ళల్లో బరువేటయ్యా? నిండు బిందె నీళ్ళల్లో ఉన్నంతసేపు వేలితో లేపొచ్చు. పైకి తీత్తేనే బరువు. నూతిలో చేద తోడినదాన్ని, నాకు తెలీదా?"

అది అబద్ధం ఆడటం లేదు. నిజంగానే అలా అనుకుంటోంది. ఇన్నేళ్ళూ అలాగే అనుకుని ఒక్కోదాన్నీ భద్రంగా దింపుకుంది. నీళ్ళల్లో తేలిక అయినంత మాత్రాన బరువంతా పోదని, ఆ మిగిలింది ఇల్లు మోస్తోందని, గుల్లలు పెరిగిన కొద్దీ అదీ పెరుగుతుందని నేను చెబితే నమ్మలేదు. రాంపండు చెబితే నమ్మింది.

"అయితే నా కోడల్ని నేనే ముంచేత్తన్నానా?"

ఈ పుస్తకం ఆఫీసువాళ్ళు చదువుతారని నాకు తెలుసు. మా ఇంటి కింద సంగతి రాశాను, అది నా ఇష్టం. వేరే ఇళ్ళ కిందికి నేను దిగలేదు. ఈ వరసలో మిగతావాళ్ళు నా తాడు మీద బట్టలే ఆరేసుకుంటారు.

ఇంకో సంగతి. గీత తప్పని ఇప్పటికీ అంటాను. కానీ దాని గురించి ఇక అడగను.

మఖ

కోస్తున్నాం. రోజుకి ఒకటో రెండో, అంతకన్నా బుల్లెమ్మ ఓర్చుకోలేదు. ఆచారం పక్కన పెట్టి నేనూ వసారాలో కూర్చున్నాను. నా తాడు కొయ్యడానికి నాకే చేతులు నొప్పెడుతున్నాయి.

అది తాడు పట్టుకుని, చివర ఏముందో చూడకుండానే చెబుతుంది. "ఇది మీ యమ్మ రోలు. నన్ను కాపరానికి తెచ్చిన్నాడు దీని మీదే పచ్చడి నూరించింది. ఉప్పు ఎక్కువైందని తిట్టింది కూడాను." అంటుంది. తాడుని ఒకసారి తడిమి, "ఊఁ" అంటుంది. అప్పుడు కోస్తాను. తాడు ఒక్కసారి పైకి ఎగిరి వసారా చెక్కకి కొట్టుకుంటుంది. కింద ఏమీ వినబడదు. అక్కడంతా బురద, ఎంత లోతో ఎవరికీ తెలియదు.

రత్తాలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తాతారావన్నయ్యా, మా ఇంటికాడికి ఎప్పుడొత్తావు?"

"ఎందుకు?"

"ఏం లేదు. రాకు, అని చెప్దామని."

బుల్లెమ్మ నవ్వింది. నవ్వి ఏడ్చింది. రత్తాలు కూడా పక్కన కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుంది. మొత్తం కలిపి ఇల్లు రెండు వేళ్ళు తేలింది.

పుబ్బ

అన్నీ అయిపోయాయి. ఒక్క తాడు మిగిలింది. గీత ఉన్న వెనక మూలనే, అన్నిటికన్నా పాత తాడు. దాన్ని బుల్లెమ్మ పట్టుకుని ఇది ఏదో చెప్పలేదు.

"ఏముంది దీనికి?"

"నువ్వు లోపలికెల్లు."

"ఏముందే?"

"పాల క్యాను."

అప్పుడు అర్థమైంది.

రాంపండు పుట్టకముందు మాకు ఒక ఆడపిల్ల. సీతామాలక్ష్మి. మూడేళ్ళు నిండాక జొరం వచ్చి పోయింది. మా పెరట్లో పశువుల పాక పక్కన పూడ్చాం. ఊరు మీదికి నీళ్ళు వచ్చిన రోజున ఎవరికి కావలసింది వాళ్ళు పడవల్లో వేసుకున్నారు. నేను కర్రు వేసుకున్నాను. బుల్లెమ్మ పాక పక్కన మోకాలి లోతు తవ్వి, ఆ మట్టితో పెద్ద పాల క్యాను నింపుకుని మూత బిగించి తెచ్చింది. ఇక్కడికి వచ్చిన ఏడాదే మొదటి నోటీసు వచ్చింది. మట్టికి ఇంత చోటు ఎందుకని నేను క్యాను నీళ్ళకి ఇచ్చెయ్యమన్నాను. ఇచ్చేశానంది. ఆ మాట మేం మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు నేను దిగి ఆ క్యానుకి పట్టిన గుల్లలన్నీ కత్తితో గోకాను. గుల్లలతో మనిషంత అయింది అది. గోకితే ఇంకో వేలు తేలింది.

మూడు వేళ్ళు. నాలుగోది లేదు.

ఉత్తర

కుసుమకుమారి గారు కొలిచారు. మూడు వేళ్ళే. జరిగింది ఈ పుస్తకంలో ముందే చదివారు కాబట్టి వేలాడేవాటి గురించి ఏం అడగలేదు. "ఆ ఒక్కటీ కూడా తీసేస్తే సరిపోతుందండి," అన్నారు. మంచిగానే అన్నారు.

"పై వరసలో పెంటయ్య కోడలికి మూడు వేళ్ళకే ఇంట్లో పురుడుకి సంతకం పెట్టారట?" అని అడిగాను.

"వాళ్ళింట్లో అప్పటికే ఒక పసిపిల్ల ఉందండి. ఐదేళ్ళలోపు పిల్ల ఉన్న ఇంటికి, పిల్ల సామాను కింద ఒక వేలు తగ్గిస్తాం. మీ ఇంట్లో లేరు కదా."

ఆవిడ వెళ్ళాక రాంపండు గొంతు పెంచాడు. వాడు నా మీద గొంతు పెంచడం ఇదే మొదలు.

"నాన్నా, మట్టి. అది మట్టి. దానికోసం నా పిల్లని గట్టు మీదికి పంపేత్తావా? అంతగా అయితే ఆ క్యాను నేను పడవలో గట్టుకి పట్టుకెళ్ళి పోసొత్తాను."

"పరాయి నేలలోనా?" అంది బుల్లెమ్మ.

"మరేం చెయ్యమంటావమ్మా?"

బుల్లెమ్మ లోపలికి వెళ్ళి కత్తి తెచ్చింది. వసారాలో కూర్చుని ఆ తాడు ఒళ్ళోకి లాక్కుంది. దానికి చెబుతోంది, తాడుకో, కిందనున్న పిల్లకో: "తమ్ముడికి పిల్ల పుడతందమ్మా. చోటు చాలదంట. నువ్వు కాత్త ఎల్లు." ఎవరో ఇంటికి వస్తే మంచం మీద పిల్లని పక్కకి జరగమన్నట్టు.

కత్తి రెండుసార్లు ఆడించింది. నా తాడు అంత తేలిగ్గా తెగదు. మూడోసారికి నాగవేణి వెళ్ళి దాని చెయ్యి పట్టుకుంది. తొమ్మిదో నెల కడుపుతో కిందికి వంగలేక వంగింది.

"ఆగత్తా. మావయ్య ఏదో అనబోతన్నాడు."

నేనేం అనబోలేదు. కానీ అందరూ నా వైపు చూశారు. అప్పుడు అన్నాను, "కత్తి లోపల పెట్టు. ఆఫీసువాళ్ళని ఒక మాట అడగాలి."

"ఏం మాట?" అన్నాడు రాంపండు.

"రాసి అడుగుతాను."

హస్త, ఆదివారం

మట్టం మూడు వేళ్ళు.

ఈ పుస్తకం మొదటి పేజీలో ఇంట్లో ఉన్న మనుషుల పేర్లుంటాయి. నా పేరు, బుల్లెమ్మ పేరు, రాంపండు, నాగవేణి. రాంపండు పేరు పైన చోటు లేకపోయినా ఇరికించి నా చేత్తో ఇవాళ ఇంకో పేరు రాశాను. గుబ్బల సీతామాలక్ష్మి, తండ్రి తాతారావు, వయసు మూడేళ్ళు. బతికుంటే ఎన్నేళ్ళని అడక్కండి. బతికుంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. అది మూడేళ్ళ దగ్గరే ఉంది.

నేను మాఫీ అడుక్కోవడం లేదు. ఇంట్లో ఉన్న సామానంతా తీసేశాను. రెండు కంచాలతో తింటున్నాం, చాప మీద పడుకుంటున్నాం, నాన్న రాట్నం పొయ్యిలో పెట్టాను. అమ్మ రోలు బురదలోకి పోయింది. ఇంకా తగ్గించుకోమంటే నా చొక్కా తీసి ఇస్తాను. కానీ ఆ క్యానులో ఉన్నది సామాను కాదు. మీ పుస్తకంలో సామానుకి ఒక పేజీ ఉంది, మనుషులకి ఒక పేజీ ఉంది. దాన్ని ఏ పేజీలో రాసుకుంటారో చెప్పమంటున్నాను. మనుషుల పేజీలో రాసుకుంటే మాకు మూడు వేళ్ళు చాలు. పెంటయ్య ఇంటికి చాలినట్టే.

రాసుకోం అంటారా? అనండి. కానీ కాగితం మీద పంపకండి. ఇక్కడికి వచ్చి, పడవ దిగి, మా ఆడదాని ఎదురుగా నిలబడి, "మీ ఇంట్లో పసిపిల్ల లేదు" అని నోటితో చెప్పండి. చెప్పాక తాడు నేనే కోస్తాను. పుట్టే పిల్లని మాత్రం గట్టుకి పంపను. కొయ్యాల్సివస్తే ఎవరి మాట మీద కోశానో నాకు తెలియాలి, అంతే.

బుధవారం చిత్త వస్తుంది. నాగవేణికి నడుము నొప్పి మొదలైంది, మంత్రసాని ఈ వారమే అంటోంది. మంగళవారం పొద్దు కుంకేలోపు కుసుమకుమారి గారైనా, ఆవిడ పైవాళ్ళైనా వచ్చి చెప్పాలి. మా ఇంట్లో పసిపిల్ల ఉందా, లేదా?